సూత్రం సరైనదే, జవాబు మాత్రం తప్పు: చలనం, శక్తి, సాంద్రత, విద్యుత్ లెక్కల్లో కాలు జారే చోట్లు

మీరు రాసినదాన్ని బట్టి ఇబ్బంది ఇదీ: సూత్రాలన్నీ నోటికొచ్చు, కూడికలు గుణకారాలు తప్పడం లేదు, అయినా పదింట నాలుగు జవాబులు కలవడం లేదు. అలా తప్పిన లెక్కలు ఐదు పెట్టారు. బ్రేకు వేసిన కారు 8 సెకన్లలో పోయే దూరం, మేడ మీద నుంచి పైకి విసిరిన బంతి నేలను చేరే కాలం, నీళ్లు ఎత్తే పంపు సామర్థ్యం, రెండు ద్రవాల మిశ్రమం సాంద్రత, శ్రేణిలో కలిపిన రెండు బల్బుల్లో ఏది ఎక్కువ వెలుగుతుందన్నది.

ఐదింటినీ వరసగా చూశాక ఒక సంగతి తేలింది. మీరు ఎంచుకున్న సూత్రం అయిదు చోట్లా సరైనదే. కానీ ప్రతి సూత్రం వెనకా ఒక షరతు ఉంటుంది. త్వరణం మారకూడదనో, దిశ గుర్తులు లెక్క మొత్తం ఒకేలా ఉండాలనో, నష్టాలు లేవనో, ఘనపరిమాణాలు సమానమనో, వోల్టేజి ఇంతేననో. సూత్రాన్ని బట్టీ పట్టేటప్పుడు ఆ షరతు రాలిపోతుంది. మీ ఐదు తప్పులూ అలా రాలిపోయిన షరతులే. అందుకని కొత్త సూత్రాలేమీ చెప్పను, ఉన్నవి ఎంతవరకు చెల్లుతాయో చూద్దాం.

కారు లెక్కతో మొదలుపెడదాం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకు బ్రేకు వేస్తే 4 మీ/సె² రుణత్వరణం వచ్చింది. 8 సెకన్లలో ఎంత దూరం పోతుంది? మీరు 72ను 5తో గుణించి 18తో భాగించి 20 మీ/సె చేశారు, బాగుంది. తర్వాత

దూరం = తొలివేగం × కాలం − ½ × త్వరణం × కాలం²
= 20 × 8 − ½ × 4 × 64
= 160 − 128 = 32 మీటర్లు

అని తేల్చారు. అసలు జవాబు 50 మీటర్లు. ఎందుకంటే 20 మీ/సె వేగం సెకనుకు 4 చొప్పున తగ్గితే 5 సెకన్లకే సున్నా అవుతుంది. ఆ 5 సెకన్లలో కారు 100 − 50 = 50 మీటర్లు పోయి ఆగింది. మిగతా 3 సెకన్లు అక్కడే ఉంది.

మరి 32 ఎక్కడ నుంచి వచ్చింది? అంకగణితం అబద్ధం చెప్పలేదు. కారు ఆగిన విషయం సూత్రానికి తెలియదు. త్వరణం ఇంకా వెనక్కే ఉందనుకుని, ఆగిన కారును వెనక్కి నడిపించింది. 3 సెకన్లలో ½ × 4 × 9 = 18 మీటర్లు వెనక్కి. 50 − 18 = 32. బ్రేకు బండిని ఆపుతుందే గానీ వెనక్కి లాగదు. అదే లెక్కలో కారు బదులు నున్నటి వాలు మీద పైకి దొర్లించిన గోలీ ఉంటే 32 సరైన స్థానభ్రంశమే అయ్యేది. అది నిజంగానే వెనక్కి దొర్లుతుంది కాబట్టి. అప్పుడు కూడా అది నడిచిన దూరం 32 కాదు, 50 + 18 = 68. దూరం, స్థానభ్రంశం రెండూ ఒకటి కావని పుస్తకాల్లో చదివే మాటకు అసలు పని ఇలాంటి చోటే పడుతుంది.

అందుకని బ్రేకు అన్న మాట కనబడగానే, ఏం అడిగారన్నది పక్కన పెట్టి ముందు ఆగే కాలం కట్టండి. ఇచ్చిన కాలం దానికన్నా ఎక్కువైతే ఆగే కాలాన్నే వాడాలి.

ఏ సూత్రం వాడాలో తేల్చుకోవడానికి మీరు పడుతున్న తంటా గురించి కూడా రాశారు. సమ త్వరణం లెక్కల్లో రాశులు ఐదే: తొలివేగం, తుదివేగం, త్వరణం, కాలం, స్థానభ్రంశం. మూడు ఇస్తారు, ఒకటి అడుగుతారు, ఒకటి ఎవరికీ పట్టదు. ఆ పట్టనిదే సూత్రాన్ని ఎంచుతుంది. కాలం ప్రసక్తి లేకపోతే తుదివేగం² − తొలివేగం² = 2 × త్వరణం × స్థానభ్రంశం. తుదివేగం ప్రసక్తి లేకపోతే పైన మీరు వాడినది. స్థానభ్రంశం అక్కర్లేకపోతే తుదివేగం = తొలివేగం + త్వరణం × కాలం. త్వరణమే ఇవ్వకపోతే, అడగకపోతే స్థానభ్రంశం = (తొలివేగం + తుదివేగం) ÷ 2 × కాలం. ఈ నాలుగోది చాలామంది మరిచిపోతారు, కానీ బ్రేకు లెక్కల్లో అన్నిటికన్నా తొందరగా పని జరిగేది దీనితోనే. 20 నుంచి 0కు, సగటు 10, 5 సెకన్లు, 50 మీటర్లు. నోటి లెక్క. ఐదు పేర్లూ నిలువుగా రాసుకుని ఎదురుగా తెలిసినవి నింపండి. "నిశ్చల స్థితి నుంచి బయలుదేరి", "ఆగిపోయింది", "గరిష్ఠ ఎత్తులో" లాంటి మాటలు అంకెలు కాకపోయినా ఒక్కోటి ఒక్కో సున్నాను ఇస్తుంది.

ఈ నాలుగింటికీ షరతు ఒకటే, త్వరణం మారకూడదు. రైలు ముందు వేగం పుంజుకుని, తర్వాత కొంతసేపు ఒకే వేగంతో పోయి, ఆపైన ఆగిందంటే అది మూడు లెక్కలు. మొదటి ముక్క తుదివేగమే రెండో ముక్క తొలివేగం. మూడింటినీ ఒకే సూత్రంలో కుక్కితే ఏదో ఒక అంకె వస్తుంది, దానికి అర్థం ఉండదు.

ఇక బంతి. 25 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి 20 మీ/సె వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు, గురుత్వ త్వరణం 10 మీ/సె² తీసుకోమన్నారు. నేలను ఎప్పుడు చేరుతుంది? మీరు 25 = 20 × కాలం − 5 × కాలం² అని రాశారు. సర్దితే కాలం² − 4 × కాలం + 5 = 0. దీనికి వాస్తవ మూలాలు లేవు, అక్కడితో ఆగి "లెక్కే తప్పు ఇచ్చారేమో" అన్నారు. లెక్క సరిగ్గానే ఉంది, పైగా మీ సమీకరణం మీకొక నిజం చెప్పింది. +25 అని రాయడం అంటే "విసిరిన చోటికి 25 మీటర్లు పైన బంతి ఎప్పుడుంటుంది?" అని అడగడం. 20 మీ/సెతో విసిరిన బంతి 400 ÷ 20 = 20 మీటర్లకు మించి లేవదు. కాబట్టి "ఎప్పుడూ ఉండదు" అన్నదే జవాబు. నేల విసిరిన చోటికి కింద ఉంది. పైదిశ ధనం అనుకున్నాక స్థానభ్రంశం −25.

−25 = 20 × కాలం − 5 × కాలం²
కాలం² − 4 × కాలం − 5 = 0
కాలం = 5 సెకన్లు, లేదా −1 సెకను

రెండోది పనికిరాదని కొట్టేస్తాం గానీ అదీ వట్టి చెత్త కాదు. ఆ బంతే నేల మీద నుంచి వస్తూ మేడ అంచును 20 మీ/సెతో దాటి ఉంటే, సరిగ్గా ఒక సెకను ముందు నేల మీద ఉండేదని దాని అర్థం. పైకీ కిందకీ రెండు ముక్కలుగా విడగొట్టి చేసినా తప్పు లేదు: పైకి 2 సెకన్లు, తర్వాత 45 మీటర్ల పతనం 3 సెకన్లు. కానీ గుర్తులు సరిగ్గా పెడితే ఒక్క ముక్కలోనే తేలిపోతుంది. ఎందుకంటే పైకి పోయేటప్పుడు, శిఖరంలో, కిందకి వచ్చేటప్పుడు త్వరణం ఒకటే, కిందకి 10. శిఖరంలో వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నా అనుకోవడం పాత పొరపాటు. అక్కడ త్వరణం కూడా సున్నా అయితే బంతి అక్కడే వేలాడుతూ ఉండాలి.

నేలను తాకే వేగం 20 − 50 = −30 మీ/సె. దీన్ని వేరే దారిలో సరిచూడండి, శక్తితో. మొదట ఒక్కో కిలోకు గతిశక్తి ½ × 400 = 200 జౌళ్లు, ఎత్తు వల్ల స్థితిశక్తి 10 × 25 = 250 జౌళ్లు. మొత్తం 450. కింద అంతా గతిశక్తే, ½ × వేగం² = 450, వేగం 30. కలిసింది. ఇక్కడ దిశ గుర్తుల బాధ లేదు, ఎందుకంటే శక్తికి దిశ ఉండదు. కాలం అడగని చలనం లెక్క ఏదైనా ముందు శక్తితో చేయవచ్చేమో చూడటం మంచిది. వంపులు తిరిగిన జారుడుబల్ల లాంటి చోట త్వరణం ప్రతి అడుగుకూ మారుతుంది, చలన సూత్రాలు చెల్లవు. శక్తి లెక్క మాత్రం పై ఎత్తు, కింది ఎత్తు చూసుకుంటుంది, మధ్య దారి దానికి అక్కర్లేదు.

అక్కర్లేదన్నది ఘర్షణ లేనంతవరకే. 2 కిలోల వస్తువు 5 మీటర్ల ఎత్తు నుంచి జారితే, గురుత్వం 10 తీసుకుంటే, కింద 10 మీ/సె రావాలి. కొలిస్తే 8 వచ్చిందనుకుందాం. మొదట ఉన్నది 100 జౌళ్లు, చివర గతిశక్తి ½ × 2 × 64 = 64 జౌళ్లు. తేడా 36 జౌళ్లు ఘర్షణ వల్ల వేడిగా మారింది. వాలు పొడవు 6 మీటర్లయితే సగటు ఘర్షణ బలం 36 ÷ 6 = 6 న్యూటన్లు. వేగం 20 శాతం తగ్గితే శక్తి 36 శాతం పోయిందని గమనించండి. వేగానికి వర్గం ఉంది మరి. అందుకే కారు వేగం రెట్టింపైతే అదే బ్రేకుతో ఆగే దూరం నాలుగింతలవుతుంది, 50 మీటర్లు 200 అవుతుంది. అయితే డ్రైవరు బ్రేకు మీద కాలు వేయడానికి పట్టే సమయం 0.7 సెకను అని లెక్కలో ఇస్తే, ఆ ముక్క సమవేగ చలనం: 20 మీ/సెకు 14 మీటర్లు, 40 మీ/సెకు 28. ఇది రెట్టింపే, నాలుగింతలు కాదు. ముందు రెండింటినీ కలిపేసి 64ను నాలుగుతో గుణిస్తే 256 వస్తుంది. సరైనది 228.

పంపు లెక్కకు వద్దాం. 500 లీటర్ల నీటిని 12 మీటర్ల ఎత్తుకు 5 నిమిషాల్లో ఎత్తాలి, పంపు దక్షత 60 శాతం. ఎంత విద్యుత్ సామర్థ్యం కావాలి? మీరు కట్టినదంతా బాగుంది:

నీటి ద్రవ్యరాశి = 500 కిలోలు
చేయాల్సిన పని = 500 × 9.8 × 12 = 58,800 జౌళ్లు
కాలం = 300 సెకన్లు
సామర్థ్యం = 58,800 ÷ 300 = 196 వాట్లు

చివర 0.6తో గుణించి 118 వాట్లన్నారు. అక్కడే పప్పులో కాలేశారు. 196 వాట్లు నీటికి అందాల్సింది. పంపు తీసుకున్నదాంట్లో 60 శాతమే నీటికి చేరుతుంది కాబట్టి తీసుకోవాల్సింది 196 ÷ 0.6, అంటే దాదాపు 327 వాట్లు. గుణించాలా భాగించాలా అన్న సందేహం వస్తే అటూ ఇటూ ఊగకండి. లోపలికి వెళ్లేది ఎప్పుడూ బయటికి వచ్చే ఉపయోగం కన్నా పెద్దది. 118 వాట్లు తీసుకుని 196 వాట్ల పని చేసే యంత్రం లేదు. తీసుకునే సామర్థ్యం ఇచ్చి నీటికి ఎంత అందుతుందని అడిగితే అప్పుడు గుణించాలి.

ఇక్కడే ఇంకో రెండు జారుడు మెట్లున్నాయి. నిమిషాలను సెకన్లు చేయకుండా 5తో భాగిస్తే 11,760 వస్తుంది, అది వాట్లు కాదు, నిమిషానికి జౌళ్లు. లీటరుకు కిలో అన్నది నీటికే. పంపు ఎత్తేది నూనె అయితే ముందు సాంద్రతతో గుణించుకోవాలి.

సాంద్రతలో మీకు వచ్చిన చిక్కు నిజానికి సాంద్రతది కాదు, సగటుది. 1.0, 0.8 గ్రా./ఘ.సెం.మీ. సాంద్రతలున్న రెండు ద్రవాలను సమాన ద్రవ్యరాశుల్లో కలిపితే మిశ్రమం సాంద్రత ఎంత? మీరు రెంటినీ కూడి సగం చేసి 0.9 అన్నారు. సమాన ఘనపరిమాణాల్లో కలిపితే అది సరైనదే. సమాన ద్రవ్యరాశులు అన్నారు కాబట్టి ఒక్కోటి 100 గ్రాములు తీసుకుని చూడండి. మొదటిది 100 ఘ.సెం.మీ., రెండోది 125. మొత్తం 200 గ్రాములు, 225 ఘ.సెం.మీ. (కలిసినప్పుడు ఘనపరిమాణం కుంచించుకోదన్న షరతు మీద). 200 ÷ 225 = 0.889. తేలిక ద్రవం ఎక్కువ చోటు ఆక్రమించింది, అందుకే సగటు దాని వైపు ఒరిగింది.

ఇదే బొమ్మ చలనంలో ఇంకో వేషంలో వస్తుంది. దారిలో సగం దూరం గంటకు 40 కిలోమీటర్లు, మిగతా సగం 60 చొప్పున పోతే సగటు వడి 50 కాదు, 48. ఒక్కో సగం 120 కిలోమీటర్లు అనుకోండి. 3 గంటలు, 2 గంటలు, మొత్తం 240 ÷ 5. నెమ్మది వేగంలో ఎక్కువసేపు గడిపింది బండి. కానీ సగం సమయం 40, సగం సమయం 60 అంటే 50 సరైనదే. వడి, సాంద్రత, సామర్థ్యం వీటన్నిటికీ పుట్టుక ఒకటే, ఒక రాశిని ఇంకో రాశితో భాగించడం. ఇలాంటివాటిని నేరుగా కూడి సగం చేయకండి. పైన ఉండాల్సినవన్నీ ఒకచోట కూడండి, కింద ఉండాల్సినవన్నీ ఒకచోట కూడండి, ఆ తర్వాత ఒక్కసారి భాగించండి. కిందిది సమానంగా పంచి ఉన్నప్పుడు మాత్రమే మామూలు సగటు నిలబడుతుంది.

సాంద్రతలో అసలు ప్రమాదం ప్రమాణాల్లో ఉంటుంది. 10 × 5 × 4 సెం.మీ. దిమ్మె బరువు తూస్తే 540 గ్రాములు. 540 ÷ 200 = 2.7 గ్రా./ఘ.సెం.మీ., అల్యూమినియం. దీన్ని మీటర్లలోకి మారుస్తూ మీటరుకు వంద సెంటీమీటర్లే కదా అని 200ను 100తో భాగించి 2 ఘ.మీ. అంటే, 0.54 కిలో ÷ 2 = 0.27 కిలో/ఘ.మీ. వస్తుంది. గాలి సాంద్రతే సుమారు 1.2 కిలో/ఘ.మీ. అంటే ఈ లోహపు దిమ్మె గాల్లోకి ఎగిరిపోవాలి! ఘనపు మీటరులో 100 × 100 × 100, పది లక్షల ఘ.సెం.మీ. ఉంటాయి. గ్రా./ఘ.సెం.మీ.ను 1000తో గుణిస్తే కిలో/ఘ.మీ., 2700. నీరు 1000, ఇనుము 7870, పాదరసం 13,600 అన్న మూడు అంకెలు గుర్తుంటే ఎక్కడ జారినా వెంటనే పట్టుబడుతుంది.

ఇది పరీక్ష మార్కుల గొడవ మాత్రమే కాదు. 1983 జూలైలో కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో అప్పటికే 7,682 లీటర్లు ఉంది. లీటర్లను కిలోల్లోకి మార్చడానికి వాడాల్సిన సాంద్రత లీటరుకు 0.803 కిలో. వాడినది 1.77, అది లీటరుకు పౌండ్లలో. 7,682 × 1.77 = సుమారు 13,600, కాబట్టి ఇంకో 8,700 చాలనుకుని 4,916 లీటర్లు నింపారు. నిజానికి నింపాల్సింది 20,000 లీటర్ల పైచిలుకు. విమానంలో ఉన్నది 12,598 × 0.803, దాదాపు 10,100 కిలోలు, కావాల్సినదాంట్లో సగం కూడా కాదు. దారి మధ్యలో రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. పైలట్లు గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరం మీద గాలిలో తేలుస్తూ దించారు, ఎవరి ప్రాణమూ పోలేదు. గుణకారం, తీసివేత, భాగహారం అన్నీ సరిగ్గానే చేశారు. 1.77 పక్కన దాని ప్రమాణాన్ని కూడా రాసి ఉంటే లీటర్లు కొట్టేయగా మిగిలేది పౌండ్లని కంటికి కనబడేది. ప్రతి మెట్టులో అంకె పక్కన ప్రమాణం రాయమని చెప్పేది అందుకే.

ఆకారం లేని వస్తువును కొలజాడీలో ముంచి కొలిచే లెక్కల్లో జవాబును మరీ నమ్మకండి. ఒక బోల్టు 94 గ్రాములు, ముంచితే నీటి మట్టం 50 నుంచి 62 మిల్లీలీటర్లకు లేచింది. 94 ÷ 12 = 7.83, ఇనుమే అనిపిస్తుంది. కానీ జాడీ మీద గీతల్ని అర మిల్లీలీటరు తేడాతోనే చదవగలం, రెండుసార్లు చదివాం. ఘనపరిమాణం 11 నుంచి 13 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, సాంద్రత 8.5 నుంచి 7.2 దాకా. దీన్ని బట్టి ఇత్తడి కాదని కూడా గట్టిగా చెప్పలేం. అలాంటి లెక్కకు 7.8333 అని నాలుగు దశాంశాలు రాయడం మంచిది కాదు, 7.8 చాలు. నీటి మట్టం గాజు అంచున పైకి పాకుతుంది, కాబట్టి వంపు అడుగును కంటి ఎత్తున పెట్టి చదవాలి. వస్తువుకు గాలి బుడగలు అంటుకుంటే ఘనపరిమాణం ఎక్కువగా, సాంద్రత తక్కువగా వస్తుంది.

దీనికన్నా నమ్మకమైనది తూకంతో కొలవడం. పైన చెప్పిన అల్యూమినియం దిమ్మెను స్ప్రింగ్ త్రాసుకు వేలాడదీసి నీట ముంచితే 540 బదులు 340 గ్రాములు చూపుతుంది. తగ్గిన 200 గ్రాములు అది తొలగించిన నీటి బరువు. 540 ÷ 200 = 2.7, పొడవు వెడల్పులు కొలిచే పనే లేదు. దిమ్మె అడుగుకు తగలకూడదు. తగిలితే గిన్నె కొంత బరువు మోస్తుంది, తగ్గుదల ఎక్కువగా కనబడుతుంది. తేలే వస్తువులకు ఇదే సూత్రం ఇంకా సులువు: మునిగిన భాగం = వస్తువు సాంద్రత ÷ ద్రవం సాంద్రత. మంచు 0.917 కాబట్టి మంచినీటిలో 8.3 శాతం పైకి కనబడుతుంది, 1.025 ఉన్న సముద్రపు నీటిలో దాదాపు 10.5 శాతం. జవాబు ఒకటిని మించితే వస్తువు తేలదని అర్థం.

చివరిది విద్యుత్. 240 వోల్టుల దగ్గర 60 వాట్లు, 240 వోల్టుల దగ్గర 100 వాట్లు అని రాసి ఉన్న రెండు ఫిలమెంటు బల్బులను శ్రేణిలో కలిపి 240 వోల్టులకు పెట్టారు. ఏది ఎక్కువ వెలుగుతుంది? మీరు 100 అన్నారు. బల్బు మీద రాసిన వాట్లు బల్బు సొంత ఆస్తి కాదు, "240 వోల్టులు అందితే" అన్న షరతు మీద ఇచ్చిన మాట. శ్రేణిలో ఏ బల్బుకూ 240 అందదు. బల్బు వెంట వచ్చేది నిరోధం. కాబట్టి వాట్లను పక్కన పెట్టి ముందు నిరోధాలు కట్టాలి:

నిరోధం = వోల్టేజి² ÷ సామర్థ్యం
60 వాట్ల బల్బు: 57,600 ÷ 60 = 960 ఓమ్‌లు
100 వాట్ల బల్బు: 57,600 ÷ 100 = 576 ఓమ్‌లు
శ్రేణిలో మొత్తం 1536 ఓమ్‌లు
కరెంటు = 240 ÷ 1536 = 0.156 ఆంపియర్లు

కరెంటు ఇద్దరికీ ఒకటే కాబట్టి సామర్థ్యం = కరెంటు² × నిరోధం. మొదటిదానికి 23.4 వాట్లు, రెండోదానికి 14.1. 60 వాట్లదే ఎక్కువ వెలుగుతుంది. వోల్టేజి 150, 90గా పంచుకున్నాయి, కూడితే 240. సామర్థ్యాలు కూడితే 37.5 వాట్లు, 240 × 0.15625 కూడా అంతే.

నిరోధం పెరిగితే వేడి పెరుగుతుందా తగ్గుతుందా అని కూడా అడిగారు, ఒక సూత్రంలో నిరోధం పైన, ఇంకోదానిలో కింద ఉందని. రెండూ నిజమే. కరెంటు మారకుండా ఉంటే (శ్రేణి) నిరోధం ఎక్కువున్నది ఎక్కువ వేడెక్కుతుంది. వోల్టేజి మారకుండా ఉంటే (సమాంతరం) నిరోధం తక్కువున్నది ఎక్కువ వేడెక్కుతుంది. ఏది మారడం లేదో ముందు చెప్పందే ఆ ప్రశ్నకు జవాబే లేదు.

సమాంతర నిరోధాలకు ఒక చిన్న తనిఖీ: మొత్తం ఎప్పుడూ వాటిలో చిన్నదానికన్నా తక్కువ. 6, 3 ఓమ్‌లకు 1/6 + 1/3 = 1/2 దగ్గర ఆగిపోయి అర ఓమ్ అని రాసేవాళ్లు కొల్లలు. తిరగేస్తే 2 ఓమ్‌లు. అర ఓమ్ కూడా 3 కన్నా తక్కువే కాబట్టి ఆ తనిఖీ ఇక్కడ పట్టుకోదు, శాఖల్లో కరెంట్లు చూడాలి. 12 వోల్టులు పెడితే 2, 4 ఆంపియర్లు, మొత్తం 6. 12 ÷ 6 = 2 ఓమ్‌లు. భిన్నాల గొడవ లేకుండా ఈ దారిలోనే మొదలుపెట్టినా పోతుంది.

వాట్లను జౌళ్లతో కలిపే లెక్కలకు భయపడక్కర్లేదు. వాట్ అంటే సెకనుకు ఒక జౌల్. 1500 వాట్ల కెటిల్‌లో 2 లీటర్ల నీటిని 25 నుంచి 100 డిగ్రీలకు కాచాలంటే 2 × 4186 × 75 = 6,27,900 జౌళ్లు, భాగిస్తే 419 సెకన్లు, సుమారు 7 నిమిషాలు. గిన్నె, గాలి లాక్కునే వేడి వల్ల నిజానికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. తక్కువ వచ్చిందంటే మాత్రం లెక్కలో ఏదో పోయింది. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. కిలోవాట్-గంట అన్నది శక్తి, సామర్థ్యం కాదు.

మళ్లీ బల్బుల దగ్గరికి. పై లెక్కకు కూడా ఒక షరతు ఉంది, నిరోధం మారదని అనుకున్నాం. టంగ్‌స్టన్ ఫిలమెంటు నిరోధం చల్లగా ఉన్నప్పుడు వెలిగేటప్పటి దాంట్లో పదో వంతు దాకా పడిపోతుంది. శ్రేణిలో రెండు బల్బులూ మామూలుకన్నా చల్లగానే వెలుగుతాయి, అందులోనూ 100 వాట్లది ఇంకా చల్లగా. కాబట్టి దాని నిరోధం ఎక్కువ తగ్గి, వాటాకు 90 వోల్టులు కూడా రావు. ఏది ఎక్కువ వెలుగుతుందన్న జవాబు మారదు, అంకెలే మారతాయి. ఎల్ఈడీ బల్బులకు ఈ లెక్క అసలు వర్తించదు, వాటి లోపలి సర్క్యూట్ ఓం నియమాన్ని పాటించదు. చేసి చూడాలనుకుంటే ఇంటి కరెంటు జోలికి వెళ్లకండి. 6 వోల్టులు 0.3 ఆంపియర్, 6 వోల్టులు 0.5 ఆంపియర్ అని రాసి ఉన్న రెండు చిన్న ఫిలమెంటు బల్బులు, 6 వోల్టుల బ్యాటరీ చాలు. వాటి నిరోధాలు 20, 12 ఓమ్‌లు, సరిగ్గా 960, 576ల నిష్పత్తే. వోల్టుమీటరును ఒక్కో బల్బుకు సమాంతరంగా పెట్టండి. లెక్క ప్రకారం 3.75, 2.25 రావాలి. 0.3 ఆంపియర్ బల్బు దగ్గర 3.75 కన్నా ఎక్కువే చూపిస్తుంది, రెండోది ఎర్రగా మినుకుమంటే గొప్ప.